అది బద్ధకం కాదు, వ్యాధి

మే నెల. కర్నూలులో ఎండ నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం. ఇంటిల్లిపాదీ ఫ్యాను కిందికి చేరి విసనకర్రలు కూడా వదలని వేళ. మా ఇంటి కోడలు మాత్రం భుజాల మీద శాలువా కప్పుకుని, ఫ్యాను గాలి తగలని మూల చూసుకుని కూర్చునేది. ముట్టుకుంటే చేతులు చల్లగా ఉండేవి. పట్టపగలే కళ్ళు మూతలు పడేవి. "పని ఎగ్గొట్టడానికి చలి అని కొత్త పేరు కనిపెట్టింది" అని అత్తగారు అనేవారు. ఆ మాట విని ఆడపడుచు నవ్వేది.

ఆ మాట అన్న అత్తగారు, ఆ మాట పడిన కోడలు, అది విని నవ్విన ఆడపడుచు, మేము ముగ్గురమూ కలిసి ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నాము. ఈనాడు మేము ముగ్గురమూ తెల్లవారుజామున లేచి ఒకే మందు వేసుకుంటున్నాము. ముగ్గురి మోతాదులు వేరు, వ్యాధి ఒక్కటే. దాని పేరు హైపోథైరాయిడిజం. థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను తయారు చేయలేకపోవడం.

మైనారిటీల హక్కుల గురించి మాట్లాడే ఈ పత్రికలో ఒక గ్రంథి గురించి ఎందుకు రాస్తున్నారని పాఠకులు అడగవచ్చు. విద్యార్థి వేతనాల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, రిజర్వేషన్ల గురించి మనం ఎంతో చర్చించాము. చర్చించవలసిందే. కాని మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి అలసిపోయి, చలికి వణికి, ఆ అలసటకు తామే దోషులమని నమ్ముతూ బ్రతుకుతున్న స్త్రీల ఆరోగ్యం ఏ వేదిక మీదా ప్రస్తావనకు రావడం లేదు. ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోయే విషయాన్ని గుణదోషంగా తీర్పు చెప్పడం కూడా అన్యాయమే. ఆ అన్యాయం మొదట మన గడప లోపలే జరుగుతున్నది. అందుచేత మాట కూడా అక్కడి నుండే మొదలు కావాలి.

ఒంటిలోని పొయ్యి

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో, గొంతుముడికి కాస్త కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. అది తయారు చేసే హార్మోను శరీరంలోని దాదాపు ప్రతి కణానికీ చేరి, ఎంత వేగంతో పని చేయాలో, తిన్న తిండిని ఎంత వేడిగా, ఎంత శక్తిగా మార్చాలో నిర్ణయిస్తుంది. ఆ హార్మోను తగ్గితే పొయ్యిలో మంట తగ్గినట్టే. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. పేగుల కదలిక మందగించి మలబద్ధకం వస్తుంది. చర్మం పొడిబారుతుంది, జుట్టు రాలుతుంది, గొంతు బొంగురుపోతుంది, ముఖం ఉబ్బుతుంది. తిండి పెరగకపోయినా బరువు పెరుగుతుంది. బహిష్టు రక్తం ఎక్కువగా పోతుంది. మతిమరుపు, దిగులు తోడవుతాయి. శరీరం తనలో ఉన్న కొద్దిపాటి వేడిని కాపాడుకోవడానికి చర్మంలోని రక్తనాళాలను కుదించుకుంటుంది. అందువల్లనే చేతులు, పాదాలు చల్లబడతాయి. ఇతరులకు ఉక్కపోసే గదిలో మాకు చలి వేయడం ఇందువల్లనే.

ఈ లక్షణాలలో ఏదీ ఒక్కరోజులో రాదు. ఏళ్ళ మీద మెల్లగా పేరుకుంటాయి. పైగా ఒక్కొక్క లక్షణానికీ మన ఇళ్ళలో సిద్ధంగా ఒక వివరణ ఉంటుంది. బరువు పెరిగితే తిండిపోతు అంటాము. నిద్రపోతే సోమరి అంటాము. మాట మరచిపోతే పరధ్యానం అంటాము. దిగులు పడితే ఈమాన్ బలహీనపడిందని ఉపదేశం చేస్తాము. ఇన్ని పేర్లు పెట్టిన తరువాత ఇక వైద్యుని వద్దకు వెళ్ళే అవసరం ఎవరికి తోస్తుంది?

మన దేశంలో పెద్దవారికి ఈ వ్యాధి రావడానికి ముఖ్య కారణం శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత గ్రంథి మీదనే దాడి చేయడం. దీన్ని 1912లో వర్ణించిన జపాను వైద్యుడు హకారు హాషిమోటో పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. పురుషులకంటే స్త్రీలకు ఇది చాలా ఎక్కువగా వస్తుంది. ఒకే కుటుంబంలో రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం కూడా ఎక్కువ. మాలో తల్లికీ కూతురికీ రావడం అందుకు నిదర్శనం. కోడలికి ఆమె పుట్టింటి వైపు నుండి వచ్చి ఉండవచ్చు. ఆమె మేనత్తకు కూడా ఇదే వ్యాధి ఉన్నదని పరీక్ష తరువాత తెలిసింది. అప్పటివరకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తరువాత వివరిస్తాము.

ఇది అరుదైన వ్యాధి కాదు. హైదరాబాదు సహా ఎనిమిది నగరాలలో 5,376 మంది పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్టు తేలింది. వారిలో సుమారు మూడో వంతు మందికి తమకు వ్యాధి ఉన్న సంగతే అంతవరకు తెలియదు. అంటే పదిమంది పెద్దవాళ్ళున్న చోట ఒకరికి ఉండవచ్చు. ఆ ఒకరు బహుశా వంటగదిలో ఉండే ఉంటారు.

థర్మామీటరు ఎంతవరకు చెబుతుంది?

చలి గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే మేము మొదట పొరపాటు పడింది ఇక్కడే.

కోడలి ఒళ్ళు ఎప్పుడు చూసినా చల్లగా ఉన్నదని ఇంట్లో ఉన్న థర్మామీటరు పెట్టి చూశాము. 96.8 అని చూపింది. మరునాడు 97. జ్వరం లేదు కదా, ఇంకేమి బాధ అని పెట్టెలో పెట్టేశాము. తరువాత ఎవరో చెప్పగా, 98.6 కంటే తక్కువ ఉంటే అది తప్పకుండా థైరాయిడే అని నిశ్చయించుకున్నాము. ఈ రెండు అభిప్రాయాలూ తప్పే.

98.6 అనే అంకెను 1868లో జర్మనీ వైద్యుడు వుండర్‌లిష్ వేలాదిమంది రోగుల కొలతల నుండి సగటుగా తేల్చాడు. ఆ తరువాత జరిగిన పరిశోధనలు సగటు అంతకంటే కొంత తక్కువేనని చూపాయి. 1992లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అది 98.2గా తేలింది. ఆరోగ్యవంతుల ఒంటి వేడి కూడా తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. స్త్రీలకు నెలసరి చక్రాన్ని బట్టి మారుతుంది. వయసు పైబడితే తగ్గుతుంది. కొలిచిన చోటు నోరా, చంకా అన్నదాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. కాబట్టి 97 అని చూపినంత మాత్రాన అది వ్యాధి కాదు. 98.6 చూపినంత మాత్రాన వ్యాధి లేనట్టూ కాదు. పొద్దున్నే చంకలో థర్మామీటరు పెట్టుకుని వచ్చిన అంకెతో థైరాయిడ్ వ్యాధిని నిర్ధారించవచ్చునని, దానితోనే మందు మోతాదు పెంచుకోవచ్చునని చెప్పేవారున్నారు. అది వైద్యశాస్త్రం అంగీకరించిన పద్ధతి కాదు. అవసరానికి మించి హార్మోను వేసుకుంటే గుండె దడ, ఎముకల బలహీనత వస్తాయి.

చలి ఒక సూచన మాత్రమే. రక్తహీనత ఉన్నా చలి వేస్తుంది, అలసట వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. థైరాయిడ్ తగ్గి బహిష్టు రక్తం ఎక్కువగా పోయేవారికి రెండు వ్యాధులూ కలిసి రావచ్చు. కనుక రెండింటికీ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ విషయంలో తీర్పు చెప్పేది టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష. గ్రంథి పని మందగించినప్పుడు మెదడు దిగువనున్న పిట్యూటరీ గ్రంథి "పని చేయి, పని చేయి" అని తొందరపెడుతూ పంపే హార్మోను అది. సాధారణంగా 0.4 నుండి 4 వరకు ఉండవలసినది. మా కోడలికి మొదటి పరీక్షలో 38 వచ్చింది.

ఒక్క సందర్భంలో మాత్రం థర్మామీటరు మాట తప్పక వినాలి. చాలాకాలంగా మందు మానేసిన వారికి, ముఖ్యంగా వృద్ధులకు, ఒళ్ళు 95 డిగ్రీల కంటే కిందికి చల్లబడి, మత్తుగా, మాట తడబడుతూ ఉంటే అది ప్రాణాపాయ స్థితి. దుప్పట్లు కప్పి పడుకోబెట్టి తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో జ్వరం చూసే మామూలు పాదరసపు థర్మామీటర్లు 94, 95 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. వాటిలో పాదరసం కదలలేదంటే కొలత రాలేదని కాదు, ఒంటి వేడి అంతకంటే తక్కువ ఉండవచ్చునని అర్థం.

మా తప్పు, మా ఒప్పుకోలు

మాలో పెద్దావిడ మాట ఇక్కడ రాయాలి. కోడలికి 38 అన్న అంకె వచ్చిన రోజున కూడా ఆమె పూర్తిగా నమ్మలేదు. రెండేళ్ళ తరువాత ఆమెకే పాదాలు వాచాయి, గొంతు మారింది, శీతకాలంలో ఫజ్ర్ నమాజుకు వుజూ చేసేందుకు నీళ్ళలో చేయి పెట్టాలంటే భయం వేయసాగింది. వయసు అనుకున్నారు. కోడలే బలవంతాన రక్తపరీక్షకు తీసుకుపోయింది. ఫలితం వచ్చిన రోజు సాయంత్రం పెద్దావిడ కోడలి చేతులు పట్టుకుని, "బేటీ, ఆ చలి నాకు ఇప్పుడు తెలిసింది" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ రోజు నుండి శీతకాలంలో వుజూ కోసం రెండు చెంబుల వేడినీళ్ళు ఇంట్లో అందరికంటే ముందు కోడలికి అందుతున్నాయి.

మనకు వచ్చేదాకా ఎదుటివారి బాధ నమ్మకపోవడం మా ఇంటికి మాత్రమే ప్రత్యేకమైన దోషం కాదని ఎరుగుదుము. కాని ప్రతి అత్తగారికీ అదే వ్యాధి వచ్చేదాకా కోడళ్ళు వేచి ఉండలేరు కదా.

మాలో మూడవ వ్యక్తి, ఆడపడుచు కథ ఇంకా బరువైనది. పెళ్ళికి ఏడాది ముందే ఆమెకు వ్యాధి బయటపడింది. సంబంధం కుదిరినప్పుడు ఆ సంగతి దాచమని చెప్పింది మేమే. "జీవితాంతం మాత్ర వేసుకునే పిల్లను ఎవరు చేసుకుంటారు?" అని భయపడ్డాము. మాత్రల సీసా సూట్‌కేసు అడుగున, బట్టల మడతల్లో పెట్టి పంపాము. కొత్త ఇంట్లో తెల్లవారుజామున అందరి కళ్ళూ తప్పించి మాత్ర వేసుకోవడం ఎన్నాళ్ళు సాగుతుంది? రెండు నెలల్లో మానేసింది. నాలుగు నెలలు గడిచాక గర్భవతి అయింది. మూడో నెలలో గర్భం పోయింది. అప్పుడు పరీక్షిస్తే టి.ఎస్.హెచ్. ఇరవై దాటి ఉన్నది. గర్భం పోవడానికి ఇదొక్కటే కారణమని ఖచ్చితంగా చెప్పలేనని వైద్యురాలు అన్నారు. కాని చికిత్స లేని థైరాయిడ్ లోపం గర్భస్రావం ముప్పును పెంచుతుందని, మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారమని చెప్పారు. దాచమని చెప్పిన మా మాట ఆ పూట మా గొంతులో ముల్లులా దిగింది.

ఆశ్చర్యమేమంటే, సంగతి తెలిసిన తరువాత ఆ అత్తవారు ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. "ముందే చెప్పి ఉంటే మేమే గుర్తు చేసేవాళ్ళం కదా" అన్నారు. రెండవసారి గర్భం నిలిచిందని తెలిసిన వారంలోనే వైద్యురాలు మోతాదు పెంచారు. నెల నెలా పరీక్ష జరిగింది. ఈ రోజు ఆ బిడ్డకు మూడేళ్ళు.

మన సమాజంలో ఎన్ని ఇళ్ళలో ఎన్ని సీసాలు ఇలా బట్టల అడుగున దాగి ఉన్నాయో! కోడలి మేనత్త సంగతి మాకు ముందుగా తెలియకపోవడానికి కారణం కూడా ఇదే. కళ్ళజోడు పెట్టుకునే పిల్లను మనం దాచము. మరి ఈ మాత్రను ఎందుకు దాచాలి?

ఒక మాత్ర, దాని మర్యాదలు

ఈ వ్యాధికి మందు లెవోథైరాక్సిన్. గ్రంథి తయారు చేయవలసిన హార్మోనునే బయటి నుండి అందించడం దీని పని. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి మొదటి రోగిని బాగు చేశాడు. ఆ స్త్రీ ఆ తరువాత 28 ఏళ్ళు జీవించింది. ఈనాటి మాత్ర ప్రయోగశాలలో తయారయ్యేది. అది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది. ఎక్కువ మందికి నెల ఖర్చు వంద రూపాయలు దాటదు. ఇంత చౌకైన మందు దొరికే వ్యాధికి ఇంత దుఃఖం అనుభవిస్తున్నామంటే లోపం మందులో లేదు.

కాని ఆ మాత్రకు కొన్ని మర్యాదలున్నాయి. పరగడుపున, నీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. ఆ తరువాత అరగంట నుండి గంట వరకు ఏమీ తినకూడదు, చాయ్ కూడా తాగకూడదు. ఫజ్ర్ కాగానే చాయ్ గొంతులో పడనిదే కాలు కదపలేని మన ఇళ్ళలో ఇదే కష్టం. మేము కనిపెట్టిన ఉపాయం ఇది: ఫజ్ర్‌కు లేవగానే ముందు మాత్ర, తరువాత వుజూ, నమాజు, కొంతసేపు పారాయణం, ఆపైన చాయ్. గడియారం చూడనవసరం లేకుండానే సమయం సరిపోతున్నది.

ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు ఈ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులకు ఆరోగ్య కార్యకర్తలు ఇనుము, కాల్షియం మాత్రలు ఇస్తారు. మూడింటినీ కలిపి ఒకేసారి మింగేసి పని అయిపోయిందనుకునే స్త్రీలను మేము చూశాము. సీసాను పొయ్యి పైనున్న అరలోనూ, ఎండ పడే కిటికీలోనూ పెట్టకూడదు. మన సీమ ఎండలకు మందు బలం తగ్గుతుంది. మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. అంతకు ముందే "ఇంకా చలి తగ్గలేదు" అని నిరాశ పడకూడదు. కోడలికి చేతుల చల్లదనం పోవడానికి మూడు నెలలు పట్టింది.

యునానీ వైద్యం మీద మా పెద్దలకు గౌరవం ఉన్నది, మాకూ ఉన్నది. మా హకీం సాహెబే స్వయంగా, "దీనికి ఆ మాత్ర మానవద్దు" అని చెప్పారు. మాత్ర మాన్పించి వేళ్ళు, పొడులు ఇస్తామనేవారిని, అయోడిన్ చుక్కలు అమ్మేవారిని నమ్మవద్దని కోరుతున్నాము. రోగనిరోధక వ్యవస్థ దాడి వల్ల వచ్చిన లోపం అదనపు అయోడిన్‌తో పోదు, కొందరికి ముదురుతుంది కూడా. వంటకు మాత్రం అయోడిన్ కలిపిన ఉప్పే వాడాలి. విడిగా అమ్మే గళ్ళుప్పులో అయోడిన్ ఉండకపోవచ్చు.

రమజాన్ మాట ప్రత్యేకంగా చెప్పాలి. రోజా ఉన్నామని నెలంతా ఈ మాత్ర మానేసే స్త్రీలు చాలామంది. మొదటి వారం తేడా తెలియదు. ఎందుకంటే ఈ హార్మోను ఒంటిలో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది. పండుగ నాటికి అలసట తిరిగి వస్తుంది, దానిని ఉపవాసాల నీరసమనుకుంటారు. నిజానికి వ్యాధి అదుపులో ఉన్న చాలామంది రోజా ఉండవచ్చు, మాత్రా వేసుకోవచ్చు. సహరీకి అరగంట, గంట ముందు లేచి వేసుకోవడం ఒక పద్ధతి. తరావీహ్ ముగిశాక, చివరిగా తిన్న మూడు గంటల తరువాత, పడుకోబోయే ముందు వేసుకోవడం మరొక పద్ధతి. ఇఫ్తార్ వేళ నీళ్ళతో మాత్ర వేసుకుని, అరగంట ఆగి తినడం మూడవది. ఏది వీలో షాబాన్ నెలలోనే వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. వ్యాధి అదుపులో లేనివారు, గర్భిణులు వైద్యుడు వద్దంటే ఆగాలి. రోగులకు ఇతర దినాలలో పూర్తి చేసుకునే సడలింపు సూరతుల్ బఖరాలోనే ఉన్నది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని వదులుకోవడం భక్తి అనిపించుకోదు.

ప్రభుత్వం చేయవలసినది

ఈ వ్యాధి మతం చూసి రాదు. కాని రోగికీ దవాఖానాకూ మధ్య ఉన్న దూరం అందరికీ ఒక్కటి కాదు. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, పని చేసే ముస్లిం స్త్రీలలో ఇంటి వద్దనే ఉండి పని చేసేవారి వాటా ఎక్కువని చూపింది. బీడీలు చుట్టే స్త్రీకి, కుట్టుపని చేసే స్త్రీకి కూలి లెక్క మీద వస్తుంది. ఒళ్ళు మందగిస్తే బీడీలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. ఎందుకు తగ్గిందని ఏ యజమానీ వైద్యపరీక్ష చేయించడు. రక్తపరీక్ష కోసం సగం రోజు పోతే ఆ పూట కూలి పోతుంది. ఫలితం కోసం మరోరోజు, వైద్యుని కోసం ఇంకోరోజు. ప్రైవేటు పరీక్షకు కొన్ని వందల రూపాయలు. చివరకు ఆమె పరీక్షనే మానుకుంటుంది.

కనుక మేము కోరేవి కొన్నే. బస్తీలోని ఆరోగ్య కేంద్రంలోనే రక్తం తీసుకుని, పరీక్షను పెద్ద ప్రయోగశాలలో ఉచితంగా చేయించి, ఫలితాన్ని మళ్ళీ అక్కడే అందించాలి. ఇది గాలిలో కోరిక కాదు. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఈ పద్ధతిలోనే పని చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలోనూ ఇది నమ్మకంగా జరగాలి. వ్యాధి అదుపులో ఉన్నవారికి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. గర్భిణుల థైరాయిడ్ పరీక్ష గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు వెలువరించింది. ముప్పు ఎక్కువగా ఉన్న ప్రతి గర్భిణికీ మొదటి సందర్శనలోనే ఆ పరీక్ష జరగాలి.

పుట్టిన బిడ్డల సంగతి ఇంకా ముఖ్యం. మన దేశంలో సుమారు వెయ్యిమంది శిశువులలో ఒకరు థైరాయిడ్ లోపంతో పుడుతున్నారు. పుట్టిన మొదటి రెండు వారాలలో మందు మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతాడు. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల ఆగి, ఆ నష్టం జీవితాంతం ఉంటుంది. మడమ నుండి తీసే నాలుగు రక్తపు చుక్కలతో తేలే విషయమిది. కేరళలో ప్రభుత్వాసుపత్రులలో ఈ పరీక్ష చేస్తున్నారు. మన రెండు రాష్ట్రాలలో పుట్టే ప్రతి బిడ్డకూ ఇది హక్కుగా అందాలి.

మరొక మాట. మాలో పెద్దావిడకు ఉర్దూ తప్ప మరొకటి చదవడం రాదు. మందు చీటీ మీద ఏమి రాశారో కోడలు చదివి చెప్పాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించారు. ఆ గుర్తింపు ఉత్తర్వులకు పరిమితం కాకుండా ఆరోగ్య కేంద్రం గోడ మీదికి, మందుల కవరు మీదికి కూడా రావాలి.

మనం చేయవలసినది

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మనల్ని మనం కూడా అడుగుకోవాలి. జుమా ప్రసంగంలో ఒకసారి, రమజాన్‌కు ముందు, రోజా వేళల మందుల గురించి ఒక వైద్యుని చేత అయిదు నిమిషాలు మాట్లాడించడం ఏ మస్జిద్ కమిటీకీ కష్టం కాదు. ఉచిత వైద్య శిబిరాలు పెట్టే మన సంస్థలు చక్కెర, రక్తపోటు పరీక్షలతో పాటు స్త్రీలకు టి.ఎస్.హెచ్., రక్తహీనత పరీక్షలు కూడా చేయిస్తే, స్త్రీలు రాగలిగే వేళ, స్త్రీల చేత చేయిస్తే, ఒక్క శిబిరంలోనే ఎందరి ఏళ్ళనాటి అలసటకో కారణం దొరుకుతుంది. నిఖా సంబంధాల వేళ పెద్దలు ఈ వ్యాధిని దాచకుండా, అడగకుండానే చెప్పే అలవాటు చేసుకోవాలి. విన్నవారు దానిని పిల్ల లోపంగా లెక్కించకూడదు.

అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో ఎండాకాలంలో కూడా శాలువా వెతుక్కునే మనిషి ఎవరైనా ఉంటే, అది తల్లి కావచ్చు, కోడలు కావచ్చు, చదువుకునే కూతురు కావచ్చు, ఆమెను ఏమీ అనకముందే ఒక్కసారి ఆమె చేయి పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే ఈ వారంలోనే రక్తపరీక్షకు తీసుకుపోండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే పోయేది ఒక పూట. ఉన్నదని తేలితే ఆమెకు తిరిగి వచ్చేది ఆమె జీవితం. మేము కోల్పోయిన ఏళ్ళు మాకు తిరిగి రావు. మీ ఇంటి స్త్రీలవి ఇంకా మీ చేతుల్లోనే ఉన్నాయి.